మసీదు బోర్డు మీద దాత పేరు ఎందుకు?

మసీదుకు మనిషి పేరు ఉండొచ్చా అన్న చర్చ పాతది. ‘మసీదులు అల్లాహ్‌వే’ అన్న ఖురాన్ ఆయతు, అంటే వాక్యం (72:18) చూపి తొలితరం పండితుడు ఇబ్రాహీం నఖయీ కూడదన్నారు. బుఖారీ సేకరించిన హదీసుల్లో (ప్రవక్త మాటలు, పనుల వృత్తాంతాల్లో) గుర్రప్పందెం బనీ జురైఖ్ మసీదు దాకా సాగినట్టుంది, అది ఒక తెగ పేరే. గుర్తు కోసం పిలిస్తే తప్పులేదని ఇమామ్ నవవీ సహా ఎక్కువమంది పండితులు తేల్చారు. మన గోదావరి జిల్లాల్లో కమిటీలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. విరాళం ఇస్తాను, బోర్డు మీద నా పేరు పెట్టండి అంటే ఒప్పుకోవాలా? ఒప్పుకోకూడదు.

రాజమండ్రి పెద్ద మసీదును 1324లో సాలార్ ఉల్వీ కట్టించాడని శాసనం ఉంది. ఏడు వందల ఏళ్ల తర్వాత ఇవాళ దాన్ని ఆయన పేరుతో పిలవరు, నమాజు మాత్రం సాగుతోంది.

పేరు కోసం వచ్చే డబ్బు మినార్లకీ గుమ్మటానికీ పాలరాయికీ పోతుంది. డెల్టాలో మసీదును తినేసేది చెమ్మ. నల్లమట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది, గోడ అడుగున నెర్రెలు పడతాయి. తీరం వైపు ఉప్పుగాలికి స్లాబులో ఇనుము తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులు ఊడతాయి. వజూఖానా (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే చోటు) నీళ్లు పునాది పక్కనే ఇంకితే ఆ నెర్రెలు ఇంకా ముందే వస్తాయి. ఆ నీటిని గొట్టం వేసి గోడకు దూరంగా కాలవలో కలపాలి, స్లాబు వాటం ఏటా వానలకు ముందు చూసుకోవాలి. ఆ గొట్టానికి డబ్బిచ్చే దాత దొరకడు, ఎందుకంటే దాని మీద పేరు కనబడదు.

పేరు మారిస్తే రికార్డులూ చెడతాయి. వక్ఫ్ (దేవుడి పేర శాశ్వతంగా అంకితం చేసిన ఆస్తి) గెజిట్‌లో ఒక పేరు, రెవెన్యూ అడంగల్‌లో ఇంకోటి, కరెంటు బిల్లు మీద మూడోది. వక్ఫ్ ఆస్తుల నమోదుకు కేంద్రం 2025 జూన్‌లో మొదలుపెట్టిన ఉమీద్ పోర్టల్‌లో వివరాలు ఎక్కించేటప్పుడు ఈ తేడాలే మెడకు చుట్టుకుంటాయి. పదేళ్లకు దాత కొడుకులు ‘మా నాన్న మసీదు’ అంటూ ముతవల్లీగిరీకి (మసీదు నిర్వహణ పెత్తనానికి) వస్తారు. వక్ఫ్ చేశాక వారసులకు ఆస్తి మీద హక్కు లేదని తెలిసినా బోర్డు చూపించి వాదిస్తారు.

పేరు వేస్తే నలుగురూ ముందుకొస్తారంటారు. బహిరంగ దానం మంచిదేనని ఖురానే (2:271) చెప్పింది, గుప్తంగా ఇస్తే ఇంకా మేలనీ అదే ఆయతు చెప్పింది. కట్టించిన మసీదు మీద పేరు రాసుకున్నవాడు చిత్తశుద్ధికి దూరమని పాతకాలపు పండితుడు ఇబ్నుల్ జౌజీ మాట.

కాబట్టి డబ్బు తీసుకోకముందే కమిటీ తీర్మానం రాసుకోవాలి: గెజిట్‌లో ఉన్న పేరే ఉంటుంది, దాత పేరు రసీదులోనే ఉంటుంది, ప్రతి విరాళంలో కొంత మరమ్మతుల ఖాతాకు పోతుంది. వక్ఫ్ బోర్డుకు ఏటా పంపే లెక్కల నకలు మసీదు గోడ మీద అంటించాలి. వచ్చే జుమాకే (శుక్రవారం నమాజుకే) మీ కమిటీని అడగండి.