తాత్కాలిక కోడ్‌కు గడువు తేదీయా? హవ్వ!

ప్రోగ్రామర్ల స్వేచ్ఛ మీద దారుణమైన దాడి జరుగుతోంది. ‘ఇది తాత్కాలికం, తర్వాత తీసేయాలి’ అని మనం మర్యాదగా రాసిపెట్టుకున్న టూడూ కామెంట్ (చేయాల్సిన పని గుర్తుండేలా కోడ్ మధ్యలో రాసుకునే మాట) పక్కన తేదీ కూడా వేయాలట. ఆ తేదీ దాటితే బిల్డ్, అంటే కోడ్‌ను పరీక్షించి ప్రోగ్రామ్‌గా తయారుచేసే పని, ఆగిపోతుందట! జావాస్క్రిప్ట్‌వాళ్లు కోడ్‌లో తప్పులు పట్టే ఈఎస్‌లింట్‌కు యూనికార్న్ అనే ప్లగిన్ తగిలిస్తే చాలు, ఇందుకో రూల్ సిద్ధంగా ఉంటుంది. తేదీయే కాదు, ఫలానా ప్యాకేజీ (మనం అరువు తెచ్చుకుని వాడే కోడ్) ఫలానా వెర్షన్‌కు చేరగానే నిలదీసే ఏర్పాటూ ఉంది. రాసిన మాట మీద నిలబడమని మనిషిని అడగడం ఏం సంస్కారం?

నిన్న రాత్రి పాసై పచ్చగా ఉన్న బిల్డ్, ఎవరూ ఒక్క అక్షరం ముట్టుకోకుండానే, తెల్లారేసరికి ఎర్రబడుతుంది. (ఈ చిక్కు మాత్రం నిజమే. అందుకే బుద్ధిమంతులు ఈ తనిఖీని బిల్డ్‌తో ముడిపెట్టకుండా రోజుకోసారి విడిగా నడుపుకుంటారు.) శుక్రవారం సాయంత్రం అర్జెంట్ ఫిక్స్ పంపబోయే కుర్రాడికి, ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిన పెద్దమనిషి పెట్టిన గడువు అడ్డం పడుతుంది.

పాత కోడ్ ప్రమాదమని భయపెట్టేవాళ్లు అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ కథ చెబుతారు. 2003లోనే వాడటం మానేసిన పవర్ పెగ్ అనే కోడ్‌ను సర్వర్లలో అలాగే వదిలేశారు. 2012లో దాన్ని ఆన్ చేసే ఫ్లాగ్‌నే (స్విచ్ లాంటిది) కొత్త పనికి వాడుకుంటూ, ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ ఎక్కించారు. ఆగస్టు 1న మార్కెట్ తెరవగానే ఎనిమిదోదాంట్లో పవర్ పెగ్ లేచి కూర్చుంది. 45 నిమిషాల్లో చేసిన వ్యాపారానికి 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. తప్పెవరిది? తొమ్మిదేళ్లుగా నోరు మూసుకుని పడుకున్న కోడ్‌ది మాత్రం కాదు. లేపినవాళ్లను అడగండి.

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను రాసేవాళ్లు నయం. ఏ ఫీచర్ ఎప్పుడు తీసేయాలో రాసుకునే ఫైల్ ఒకటి వాళ్ల డాక్యుమెంటేషన్‌లో ఉండేది. 2012లో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఫైల్‌నే తీసేశారు.

అయినా గడువు పొడిగించడం మనకు కొత్తా? రాజ్యాంగం కేంద్ర అధికార వ్యవహారాల్లో ఇంగ్లిష్‌కు 15 ఏళ్లు గడువిస్తే, అది తీరకముందే 1963లో చట్టం చేసి కొనసాగించుకున్నాం. టీముల్లోనూ అదే పద్ధతి. 2024 అని ఉన్నచోట 2025 అని మారుస్తారు, రివ్యూ చేసేవారు చూసీచూడనట్టు అప్రూవ్ కొడతారు. ఏటా మార్చే ఓపిక లేనివారికి 2099 ఉండనే ఉంది. మరీ తొందరున్నవారు పై లైన్లో ఆ రూల్‌నే ఆపేసే కామెంట్ పెట్టి, పక్కన ‘ప్రస్తుతానికి’ అని రాస్తారు. దానికి తేదీ అక్కర్లేదు.