మహారాజశ్రీ ల్యాబ్ రికార్డు గారికి

మహారాజశ్రీ ఇంజనీరింగ్ ల్యాబ్ రికార్డు గారి సముఖమునకు,

నమస్కారములు. ఉభయకుశలోపరి. పిల్లలు ల్యాబులో చేసిన ప్రయోగాలు చేత్తో రాసిచ్చే పుస్తకం తమరు. తమరి ఒంటి మీద బ్రౌన్ అట్ట, దాని మీద ప్లాస్టిక్ కవరు, ఆ పైన పేరు, హాల్ టికెట్ నంబరు రాసిన లేబులు చెక్కుచెదరకుండా ఉన్నాయని తలుస్తాను. చెదిరితే సార్ సంతకం పడదు కదా.

చదువులు మారిపోతున్నాయని ఊరంతా గోల. నిజమే, మారాయి. 1972లో పుట్టిన జేఎన్‌టీయూ 2008లో హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలుగా చీలింది. ఆర్05, ఆర్09, ఆర్13, ఆర్16, ఆర్18, ఆర్20, ఆర్22, ఆర్23... రెగ్యులేషన్లు, అంటే సిలబస్, పరీక్షల నిబంధనలు, సిటీ బస్సు నంబర్లలా వచ్చి పోతూనే ఉన్నాయి. ఫస్టియర్‌కి ఏడాది పరీక్షలు పోయి సెమిస్టర్లు వచ్చాయి. మార్కుల శాతాలు పోయి క్రెడిట్లు, గ్రేడ్లు వచ్చాయి. 2020లో కాలేజీ గేటుకే తాళం పడింది. ఆ ఏడాది కూడా పిల్లలు ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని తమర్ని చేత్తో రాసి, పేజీ పేజీకి ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి పంపారు. ల్యాబు తలుపు తెరుచుకోలేదు గానీ తమరి ఇండెక్సు మాత్రం నిండింది. ఇంత గట్టి ప్రాణం ఇంకెవరికైనా ఉందా?

తమరి మొదటి పేజీ అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఫలానా విద్యార్థి ఫలానా సంవత్సరంలో చేసిన ప్రాక్టికల్స్‌కి ఇది బోనఫైడ్ రికార్డు అని అచ్చు వేసి ఉంటుంది. బోనఫైడ్ అంటే నిజాయితీ గలది అని. దాని వెనకే ఇండెక్సు. అందులో తేదీల గడి సెమిస్టర్ చివర ఒకే రాత్రి ఒకే పెన్నుతో నిండుతుంది కాబట్టి ఆదివారాలు, సంక్రాంతి కూడా ల్యాబు జరిగిన రోజులైపోతాయి. దానికీ ఎర్ర సంతకం పడుతుంది.

ఫస్టియర్‌లో సీ అనే ప్రోగ్రామింగ్ భాష ల్యాబులో తమరి ఫ్యాక్టోరియల్ (ఒకటి నుంచి ఇచ్చిన అంకె దాకా అన్నీ గుణించడం) పేజీ ఒకసారి తెరుద్దాం. కుడివైపు గీతల పేజీలో ఎయిమ్, అల్గారిదమ్, ప్రోగ్రామ్. ఎడమవైపు తెల్ల పేజీలో స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసిన ఫ్లోచార్టు, దాని కింద ఔట్‌పుట్. ఇన్‌పుట్ 5, ఔట్‌పుట్ 120. సెక్షన్‌లో అరవై మంది ఉంటే అరవై రికార్డుల్లోనూ 5, 120. పొరపాటున 4 ఇచ్చినవాడు కనపడడు. 8 ఇచ్చినవాడి సంగతి అడగనే వద్దు.

8 ఇస్తే ఏమవుతుందో తమరికి తెలియకపోవచ్చు. తమరి ప్రియమిత్రుడు టర్బో సీ, సీ ప్రోగ్రామ్‌ని కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలర్, ఆ నీలం తెర ఆసామి, విండోస్‌కి ముందటి డాస్ కాలం మనిషి. ఆయన లెక్కలో మామూలు పూర్ణాంకానికి 16 బిట్లే, అంటే సున్నా గానీ ఒకటి గానీ పట్టే పదహారు గళ్లే. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 32,767. 7 ఫ్యాక్టోరియల్ 5,040, హాయిగా పడుతుంది. 8 ఫ్యాక్టోరియల్ 40,320, పట్టదు. తెర మీద మైనస్ 25,216 వస్తుంది. 16 బిట్లతో రాయగలిగే సంఖ్యలు మొత్తం 65,536, 40,320లోంచి దాన్ని తీసేసి చూసుకోండి. ఒకటి నుంచి ఎనిమిది దాకా అన్నీ ప్లస్ అంకెలే గుణిస్తే మైనస్ ఎక్కడి నుంచి ఊడిపడిందా అని పిల్లవాడు తల గోక్కునే ఆ రెండు నిమిషాల్లోనే డేటా టైపు అంటే ఏమిటో, మెమరీకి హద్దు ఎందుకుందో బుర్రకెక్కుతుంది. రెండు యూనిట్ల పాఠం చేయలేని పని ఒక్క మైనస్ గుర్తు చేస్తుంది. తమరి పేజీలో దానికి గడి లేదు. కింద ‘రిజల్ట్: ప్రోగ్రామ్ విజయవంతంగా రన్ అయినది’ అని ముందే రాసి ఉంటుంది.

కొత్త కంపైలర్లలో బిట్లు 32 అయ్యాయి, ఇక భయం లేదంటారేమో. అక్కడ 13 దగ్గర గోతిలో పడతాం. రావలసింది 6,227,020,800, వచ్చేది 1,932,053,504. నన్నడిగితే ఇది మైనస్ కంటే ప్రమాదం. చూడ్డానికి పెద్దమనిషిలా ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి పెద్దమనిషి దూరితే నెలాఖరుకి గానీ బయటపడడు.

తమరి వంశ పారంపర్యం గురించి కూడా రెండు మాటలు. సీనియర్ రికార్డు చూసి జూనియర్ రాస్తాడు, వాడిది చూసి ఆ కిందివాడు. సెమికోలన్ లేకపోతే సీ ప్రోగ్రామ్ కదలనే కదలదు. మొదటివాడు ఒక లైను చివర అది మర్చిపోతే, ఆ సెమికోలన్ లేని ప్రోగ్రామే నాలుగు బ్యాచ్‌ల పాటు విజయవంతంగా రన్ అవుతూ ఉంటుంది. పైన కోనియో (conio.h) హెడర్, మధ్యలో వాయిడ్ మెయిన్ (void main), చివర గెట్‌సీహెచ్ (getch) అనే లైన్లు తరతరాలుగా దిగివస్తున్నాయి. కోనియో అసలు సీ భాష ప్రమాణంలోనే లేదు, డాస్ కంపైలర్ల సొంత సరుకు. గెట్‌సీహెచ్ ఎందుకయ్యా అంటే ఔట్‌పుట్ తెర చటుక్కున మాయమవకుండా ఒక మీట నొక్కేదాకా ఆపడానికి. ఈ కారణం చెప్పగలిగేవాడు అరుదు. “అది రాయకపోతే మార్కులు కట్ చేస్తారు సార్” అనేవాళ్లే ఎక్కువ. ఉద్యోగంలో చేరి లినక్స్ మెషీన్ మీద అదే ప్రోగ్రామ్ అక్కడి జీసీసీ కంపైలర్‌కి ఇస్తే, కోనియో అనే ఫైలే లేదు పొమ్మంటుంది. నాలుగేళ్ల బంధం మొదటి లైన్లోనే తెగిపోతుంది.

ఫిజిక్స్ ల్యాబు సంగతి పొడిగిస్తే ఈ ఉత్తరం చాలదు. సోడియం కాంతి తరంగదైర్ఘ్యం కొలిచే న్యూటన్ రింగుల ప్రయోగంలో సోడియం దీపం వేడెక్కకముందే 5893 ఆంగ్‌స్ట్రామ్‌లు జవాబని అందరికీ తెలుసు. మైక్రోస్కోపు స్క్రూని మొదటి నుంచి చివరిదాకా ఒకే వైపు తిప్పాలి, మధ్యలో వెనక్కి తిప్పితే మరలో ఉన్న వదులు వల్ల రీడింగు తప్పుతుంది. ఆ తప్పు చేసి పట్టుకోవడమే అక్కడి చదువు. జవాబు దగ్గర మొదలుపెట్టి రింగుల వ్యాసాల దాకా వెనక్కి లెక్క కట్టేవాడికి స్క్రూతో పనేముంది?

మార్పుకి తమరు లొంగలేదని మాత్రం అనను. 2014లో భారతదేశం, ఇంజనీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం తెచ్చుకున్నాక, కోర్సులకు ముద్ర వేసే ఎన్‌బీఏ సంస్థ గుర్తింపు మోజు పెరిగింది. దాంతో తమరూ కాస్త ఒళ్లు చేశారు. ముందు విజన్, తర్వాత మిషన్, తర్వాత ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ (చదువు ముగిసేసరికి రావలసిన నైపుణ్యాలు), ఆ పైన ఏ ల్యాబు ఏ అవుట్‌కమ్‌కి ఎంత దగ్గరో 1, 2, 3 అంకెల్లో చెప్పే మ్యాపింగ్ పట్టిక. అందులో ఫ్యాక్టోరియల్ చేసే ల్యాబుకీ ‘జీవితకాల అభ్యాసం’ అనే అవుట్‌కమ్‌కీ బంధుత్వం 2 అని ఉంటుంది. 1 ఎందుకు కాదు, 3 ఎందుకు కాదు అని అడిగితే పోయిన ఏడాది ఫైల్లో 2 ఉంది గనక.

ఆర్22లో యూనివర్సిటీ వారు పాపం మంచి ప్రయత్నమే చేశారు. ల్యాబు ఇంటర్నల్స్ 40 మార్కుల్ని నాలుగు పదులుగా పంచారు: రోజువారీ రైటప్ (అంటే తమరు), వైవా, ఇంటర్నల్ పరీక్ష, ల్యాబ్ ప్రాజెక్టు. కాగితం మీద తమరి వాటా పదే. కానీ ల్యాబు గంటల్లో తమరి వాటా ఎంతో లెక్క కట్టండి. అరవై రికార్డులు, ఒక్కోదానికి కరెక్షన్, సంతకం కలిపి రెండు నిమిషాలనుకున్నా రెండు గంటలు. ఇద్దరు సార్లు పంచుకుంటే తలా గంట. మూడు గంటల ల్యాబులో ఆ గంటసేపు పిల్లవాడి తెర వైపు చూసే కళ్లు లేవు. వాడు క్యూలో నిలబడి ఉంటాడు, కంప్యూటర్ స్క్రీన్‌సేవర్ చూసుకుంటూ ఉంటుంది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ దిగినప్పుడు తమరి కథ ముగిసిందనుకున్నవాళ్లున్నారు. జరిగింది తలకిందులు. “ఇక ప్రింటవుట్లు చెల్లవు, చేత్తోనే రాయాలి, ఏఐని అరికట్టాలి” అని ఆర్డరేశారు. ఇప్పుడు పిల్లవాడు ఫోన్‌ని అడుగుతాడు, అది ఇచ్చింది బాల్ పెన్నుతో ముత్యాల్లా కాపీ చేస్తాడు. ‘నెగెటివ్ ఇన్‌పుట్ వస్తే ఇక్కడ ఆపాలి’ అని ఏఐ రాసిన కామెంటుతో సహా. ఆ కామెంటు అర్థం చేసుకుంటే వాడు బాగుపడును. కానీ రాత్రి పదకొండయింది, ఇంకా ఏడు ఎక్స్‌పరిమెంట్లున్నాయి.

తమరు పెంచిన పిల్లలు కంపెనీ ట్రైనింగ్‌కి వస్తారు. అక్కడ అడిగేది తమరికి పూర్తిగా వ్యతిరేకం. బగ్ రిపోర్టు అంటే మూడు ముక్కలు: ఏం చేస్తే తప్పు వచ్చింది, ఏం రావాలి, ఏం వచ్చింది. రావాల్సిందీ వచ్చిందీ ఎప్పుడూ ఒకటే అని నాలుగేళ్లు రాసిన చేతికి ఆ మూడో ముక్క రాదు. ‘పనిచేయడం లేదు’ అని ఒక్క మాట రాసి పంపుతుంది. కోడ్‌లో చేసిన మార్పుల్ని వరసగా దాచే గిట్ అనే సాధనంలో రోజుకు నాలుగైదు చిన్న కమిట్లు (మార్పు దాచడాలు) చేయాలని చెబుతారు, ఎక్కడ చెడిందో వెనక్కి వెళ్లి చూసుకోవడానికి. కొత్తవాడు వారం పనంతా శుక్రవారం సాయంత్రం ఒక్క కమిట్‌లో కుక్కి, దానికి ‘ఫైనల్’ అని పేరు పెడతాడు. ఫెయిర్ కాపీ అలవాటు అంత తేలిగ్గా పోదు.

కంపెనీలేమీ శుద్ధపూసలు కావు. తమరి పెద్దనాన్న కొడుకు అక్కడే ఉన్నాడు: తప్పనిసరి ఆన్‌లైన్ ట్రైనింగ్. ఆడియో అయ్యేదాకా నెక్స్ట్ బటన్ బూడిద రంగులో ఉంటుంది కాబట్టి మ్యూట్ చేసి పక్క ట్యాబులో పని చేసుకుంటారు. చివర పది ప్రశ్నలు, ఎనిమిది రావాలి. రాకపోతే మళ్లీ అవే పది. ‘పైవన్నీ’ కనిపిస్తే కళ్లు మూసుకుని నొక్కొచ్చు. మోసపు మెయిళ్ల మీద ఈ ట్రైనింగ్ నూటికి నూరు మార్కులతో ముగించినవాడే, మర్నాడు ‘మీ జీతం సవరణ పత్రం’ అన్న మెయిల్ రాగానే లింకు నొక్కుతాడు. సర్టిఫికెట్ మాత్రం హెచ్ఆర్ దగ్గర భద్రం.

తమరి దీర్ఘాయుష్షు రహస్యం అదే కదా. తనిఖీ కమిటీ వస్తే బీరువా తెరిచి చూపించడానికి కట్టలు కావాలి. పిల్లవాడు రెండు నిమిషాలు తల గోక్కున్నాడంటే దాన్ని ఏ ఫైల్లో పెడతారు?

తమర్ని తగలెయ్యమని అడగడం లేదు. ఆ ఎడమవైపు తెల్ల పేజీ ఒక్కటి నాకు ఇప్పించండి. ఫ్లోచార్టు, 120 పక్కకి జరిగితే దాని మీద ప్రతి ప్రోగ్రామ్‌కీ మూడు ఇన్‌పుట్లు రాయనివ్వండి: ఒకటి మామూలుది, ఒకటి అంచు మీదిది, ఒకటి కావాలని తప్పుది. మొదటిసారి వచ్చిన ఎర్రర్‌ని అక్షరం పొల్లుపోకుండా, దాని కింద ఏం మారిస్తే పోయిందో ఒక్క లైను. ల్యాబులోనే, అప్పటికప్పుడే, కొట్టివేతలతో సహా. పన్నెండు ఎక్స్‌పరిమెంట్లు ఎనిమిదైనా పర్వాలేదు. రైటప్ పది మార్కులూ ఈ పేజీకే వేయించండి, అట్ట చిరిగినా సరే. ఏ ఇద్దరి పేజీలైనా అచ్చంగా ఒకేలా ఉంటే వైవాలో వాళ్లిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి 0 ఫ్యాక్టోరియల్ ఎంతో, తమ ప్రోగ్రామ్ అది ఇస్తుందో లేదో రన్ చేసి చూపించమనండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి ఏ పేజీలోనూ చోటు దొరకని
మైనస్ 25,216