తర్వాత రండి అను 517

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్ బూట్ అయ్యేటప్పుడు, హార్డ్‌వేర్‌ను నడిపే డ్రైవర్లలో ఎవరు ముందు లేవాలన్నది సాంకేతిక విషయమని కొందరు అమాయకులు ఇంకా నమ్ముతున్నారు. కాదు. అది పూర్తిగా పెద్దరికానికి సంబంధించిన వ్యవహారం. లినక్స్‌లో దీనికి అధికారికంగా మెట్లు కూడా కట్టారు: కోర్, పోస్ట్‌కోర్, ఆర్క్, సబ్‌సిస్, ఎఫ్ఎస్, డివైస్, లేట్. మాడ్యూల్ ఇనిట్ అని రాసుకున్న డ్రైవర్‌ను కెర్నల్‌లోనే కలిపేస్తే అది ఆరో మెట్టయిన డివైస్ దగ్గర, సాటి డ్రైవర్ల గుంపులో నిలబడుతుంది. రాసినవాడికి అంతకన్నా నామోషీ ఇంకేముంటుంది?

ఒక టచ్‌స్క్రీన్ డ్రైవర్ సంగతే చూడండి. దానికి కరెంటు ఇవ్వాల్సిన రెగ్యులేటర్ లేవలేదు. చిప్పులు మాట్లాడుకునే తీగల దారి, ఐ2సి బస్, లేదు. ఆలు లేదు, చూలు లేదు, వేలు ఎక్కడ పడిందో చెప్పడానికి మాత్రం తయారు. చిరునామా ఉండాల్సిన పాయింటర్ తీసి చూస్తే అందులో నల్, అంటే శూన్యం. బోర్డు అక్కడికక్కడే కుప్పకూలింది.

బుద్ధిమంతుడైతే ‘నాకు ఫలానా రెగ్యులేటర్ కావాలి’ అని డ్రైవర్ చేత నోరు తెరిచి చెప్పిస్తాడు. మనం అలాంటి పనులు చెయ్యం. రెగ్యులేటర్‌ను డివైస్ మెట్టు నుంచి సబ్‌సిస్ మెట్టుకు ఎక్కిస్తాం. ఒక్క లైను మార్పు, ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చినట్టే. వారం తిరక్కుండానే ఆ రెగ్యులేటర్ ఆధారపడిన ఐ2సి డ్రైవర్ కింది మెట్టు మీదే ఉండిపోయిందని తెలుస్తుంది. దాన్నీ ఎక్కిస్తాం. దాని క్లాక్‌నూ ఎక్కిస్తాం. చివరికి పైమెట్టు మీద అదే పాత తొక్కిసలాట. ఏకంగా అందరినీ కోర్ మెట్టు మీదే నిలబెట్టేస్తే పేచీ ఉండదని నా వినయపూర్వక ప్రతిపాదన.

మరి ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ళలో ఎవరు ముందు? లింక్ అయిన వరుసలో ఎవరుంటే వాళ్ళు. అంటే, ఏ ఫైళ్ళు కలపాలో చెప్పే మేక్‌ఫైల్‌లో ఎవరి పేరు పైనుంటే వాళ్ళు. డ్రైవర్ల మేక్‌ఫైల్ తెరిచి చూడండి, చిప్ పిన్నులను వాడే జీపీఐఓ, వాటిని పంచే పిన్‌కంట్రోల్ తర్వాతే రావాలనీ, రెగ్యులేటర్లు ముందుండాలనీ కామెంట్లు కనిపిస్తాయి. రాజ్యాంగమంతా కామెంట్లలోనే ఉంది, కామెంట్లు చదివే అలవాటు మెషీన్‌కు లేదు. శుభ్రంగా ఉంటుందని ఏ కొత్త కుర్రాడో ఆ పేర్లను అక్షరక్రమంలో సర్దాడంటే, పాపం, వాడి ఉద్దేశం మంచిదే.

పెద్దవాళ్ళకూ ఈ తిప్పలు తప్పవు. మొదటి ప్రాసెస్ అయిన ఇనిట్‌కు 1వ నంబరు దక్కాలంటే దాన్ని ముందు పుట్టించాలి. కానీ కెర్నల్ థ్రెడ్లు పుట్టించే కెథ్రెడ్‌డీ రాకముందే అది కదిలిందా, ఊప్స్ అంటూ కెర్నల్ తూలిపడుతుంది. అందుకని 1వ నంబరు పెద్దాయన పుట్టగానే, 2వ నంబరువాడు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడతాడు.

2012లో వచ్చిన 3.4 కెర్నల్‌తో ఈ వ్యవస్థలోకి కాస్త నిజాయితీ ప్రవేశించింది. తనకు కావాల్సినవాడు ఇంకా రాకపోతే డ్రైవర్ 517 అనే ఎర్రర్ తిరిగిస్తుంది. దాని భావం ‘తర్వాత రండి’. కెర్నల్ ఆ డ్రైవర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఇంకెవరైనా సవ్యంగా లేచినప్పుడల్లా మళ్ళీ పిలుస్తుంది. నాకు ఈ నంబరంటే గౌరవం. కాకపోతే రెండు డ్రైవర్లు ఒకదానికోసం ఒకటి కూర్చుంటే పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కాదు, పెళ్ళయితే గానీ పిచ్చి కుదరదు. బెంచీ మీద ఎవరున్నారో చూడటానికి, కెర్నల్ లోపలి సంగతులు చూపే డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఒక ఫైలుంది. బెంచీ మీదున్నది రూట్ డిస్క్ డ్రైవరే అయితే ఆ ఫైలు దాకా మీరు చేరలేరు, అది వేరే సంగతి.

ఇక సాక్ష్యం గురించి. నేరం జరిగేనాటికి సాక్షి ఇంకా పుట్టి ఉండడు. మెమరీ, షెడ్యూలర్, ఇంటరప్టులు, టైమర్లు అన్నీ అయ్యాక గానీ, సందేశాలు బయటికి చూపే కన్సోల్‌కు పిలుపు రాదు. అది కూడా తొందరపడి పిలుస్తున్నామని, ‘హ్యాక్ అలర్ట్’ అంటూ సోర్స్‌లోనే ఒప్పుకున్నారు. అంతకుముందు, కెర్నల్ సందేశాలు రాసే ప్రింట్‌కే మొత్తుకున్నదంతా బఫర్‌లో పడి ఉంటుంది. అది పోయినవాడి డైరీ. కన్సోల్ రాకముందే సందేశాలు బయటికి పంపే ఎర్లీకాన్ పెట్టుకుంటే కొంత నయం.

నా టచ్‌స్క్రీన్ మీద రెండు రోజులు కొట్టుకున్నాను. బూట్ లైన్‌లో ఇనిట్‌కాల్ డీబగ్ అని చేర్చి, ఎవరు ఎప్పుడు లేచారో, ఎన్ని మైక్రోసెకండ్లు తిన్నారో అంతా చదివాను. వరుస సరిగ్గానే ఉంది. విసిగిపోయి, డ్రైవర్ తన పరికరాన్ని లేపే ప్రోబ్ ఫంక్షన్‌లో ‘ఇక్కడి దాకా వచ్చాను’ అని ఒక ప్రింట్ పెట్టాను. స్క్రీన్ పనిచేసింది. తీసేశాను, పనిచెయ్యలేదు. మళ్ళీ పెట్టాను, పనిచేసింది.

ఆ ప్రింట్ బయటికి వెళ్ళే సీరియల్ పోర్టు వేగం సెకండుకు 115200 బిట్లు. టైమ్‌స్టాంపుతో కలిపి 80 అక్షరాల లైను బయటికి వెళ్ళడానికి దాదాపు 7 మిల్లీసెకండ్లు పడుతుంది. రెగ్యులేటర్ లేచినా, ఆ కరెంటు నిలదొక్కుకుని చిప్ కళ్ళు తెరవడానికి ఆ కాస్త టైమే కావాలి. వెతికి సరైన డిలే పెట్టాల్సింది. టైమ్ లేక, ఆ ప్రింట్ పైన ‘దీన్ని తీసెయ్యొద్దు’ అని కామెంట్ రాసి ఊరుకున్నాను.

ఎవరూ తియ్యలేదు. బూట్ అయ్యేటప్పుడు తెరమీద ఈ అక్షరాల గోల బాగోలేదని, ప్రొడక్షన్ బోర్డుల బూట్ లైన్‌లో ఎవరో ‘క్వయట్’ అని చేర్చారు, అంతే.