పాదసూచికల యుద్ధం

యుద్ధం చేయకుండానే శత్రువును లొంగదీయడం అన్నిటికన్నా గొప్ప విద్య అన్నాడు 'ఆర్ట్ ఆఫ్ వార్' (యుద్ధకళ) రాసిన ప్రాచీన చైనా యుద్ధ నిపుణుడు సున్ జు. ఆయన పుస్తకాన్ని ఐరోపాకు మోసుకెళ్లిన పెద్దమనుషులు మిగతావన్నీ అనువదించారు గానీ, ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం ఒంటపట్టించుకోలేదు.

మొదట పూనుకున్నది ఒక మతగురువు. సబబే. కత్తి పట్టనివాడికి యుద్ధం గురించి ఆలోచించే తీరిక ఎక్కువ. జెసూట్ ఫాదరీ జోసెఫ్ మరీ అమియో బీజింగ్‌లో కూర్చుని, అప్పటి చైనా పాలకుల భాష మంచూలో ఉన్న అనువాదం సాయంతో ఫ్రెంచిలోకి దించిన పుస్తకం 1772లో పారిస్‌లో అచ్చయింది. సున్ జు మహా పిసినారి: 13 అధ్యాయాలూ కలిపి సుమారు 6,000 చైనీస్ అక్షరాలు. ఫాదరీ దానశీలి. సున్ జు నాలుగు మాటల్లో తేల్చిన చోట నాలుగు వాక్యాలు వడ్డించాడు. విస్తరి ముందు కూర్చున్నాక ఏది ఎవరి వంటో అడగడం మర్యాద కాదు.

ఈ పుస్తకం చదివే నెపోలియన్ గెలిచాడని చెప్పుకుంటారు. ఆధారం అడగకండి, లేదు. సుదీర్ఘ యుద్ధంతో బాగుపడిన రాజ్యం లేదని రెండో అధ్యాయంలోనే ఉంది. 1812లో మాస్కోకు బయలుదేరిన మనిషి బహుశా మొదటి అధ్యాయం దగ్గరే పుస్తకం మూసి ఉంటాడు.

ఇంగ్లీషు పాఠకుల వంతు 1905లో వచ్చింది. జపనీస్ నేర్చుకోవడానికి వెళ్లిన బ్రిటిష్ ఫిరంగి దళం కెప్టెన్ కాల్‌థ్రాప్ టోక్యోలో అనువాదం వెలువరించాడు. అందులో పేర్లన్నీ జపనీస్ ఉచ్చారణలోకి మారి, సున్ జు సోన్షి అయ్యాడు. వూ రాజ్యం 'గో', దాని బద్ధశత్రువు యుయె 'ఎట్సు' అయ్యాయి. రెండు చైనా రాజ్యాలను ఒక్క సైనికుడైనా నేలకొరగకుండా జపాన్‌లో కలిపేసిన ఘనత చరిత్రలో ఇంకెవరికి దక్కింది? సున్ జు చూసి ఉంటే నిజమైన శిష్యుడివంటే నువ్వే అని భుజం తట్టేవాడు.

1910లో బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి లయొనెల్ జైల్స్ తన సొంత ఇంగ్లీషు అనువాదంతో రంగంలోకి దిగాడు. అమియో అనువాదం దాదాపు మోసమేనని ముందుమాటలోనే తేల్చేశాడు. కాల్‌థ్రాప్ తనకు ఇద్దరు జపాన్ పెద్దమనుషులు సాయపడ్డారని వినయంగా ఒప్పుకున్నాడు కదా, ఆ సాయం ఉండి కూడా ఇంత అధ్వానంగా ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాడు. అంతటితో ఆగాడా? పాదసూచికల్లో మాటువేసి, కెప్టెన్ ఎదురైనప్పుడల్లా ఒక వేటు వేశాడు.

చుట్టుముట్టిన సైన్యానికి పారిపోయే దారి ఒకటి వదలాలని ఏడో అధ్యాయంలో ఉంది. జైల్స్ దాన్ని చక్కగానే అనువదించాడు. ఇంత చేసి, నేటి సైనికుడికి పనికొస్తుందన్న ఆశతో పుస్తకాన్ని సైన్యంలో కెప్టెన్‌గా ఉన్న తమ్ముడికి అంకితమిచ్చాడు.

కాల్‌థ్రాప్ కూడా కెప్టెనే.