డాంకీ కాంగ్ ఉండేది ఏ ట్రాన్సిస్టర్‌లో?

"డిప్రెషన్ అంటే మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే" అని టీవీ చర్చల్లో ఇప్పటికీ ధీమాగా చెబుతున్నారు. దశాబ్దాల అధ్యయనాలను కలిపి చూసిన లండన్ పరిశోధకులు ఆ మాటకు నిలకడైన ఆధారం లేదని 2022లోనే తేల్చారు. మందులు పనిచేస్తాయా లేదా అన్నది వేరే చర్చ. వాడుతున్నవారు డాక్టరును అడగకుండా ఆపొద్దు. నా పేచీ అంతకంటే పెద్ద నమ్మకంతో. మెదడు పూర్తిగా అర్థమైతే ఇక మనస్తత్వశాస్త్రంతో పనే ఉండదట!

2017లో ఎరిక్ జోనాస్, కొన్రాడ్ కోర్డింగ్ అనే పరిశోధకులు ఈ నమ్మకానికి చక్కటి పరీక్ష పెట్టారు. పాత వీడియో గేముల్లో వాడిన 6502 చిప్‌ను కంప్యూటర్‌లో నమూనాగా కట్టి, మెదడుపై వాడే పద్ధతులను దానిపై ప్రయోగించారు. అందులో ఉన్న 3,510 ట్రాన్సిస్టర్లను, అంటే చిన్న చిన్న విద్యుత్ స్విచ్‌లను, ఒక్కొక్కటిగా పనిచేయకుండా చేసి, డాంకీ కాంగ్‌తో సహా మూడు గేముల్లో ఏది ఆగిపోతుందో చూశారు. కొన్నింటిని ఆపితే డాంకీ కాంగ్ ఒక్కటే ఆగింది, మిగతా రెండు గేములూ నడిచాయి. అంటే అవి 'డాంకీ కాంగ్ ట్రాన్సిస్టర్లు' అనేద్దామా? అవి చేసేది ఏదో చిన్న కూడికలాంటి పని. గేమ్ ఉన్నది ప్రోగ్రాములో. ప్రతి తీగా తెలిసిన, మనిషే తయారుచేసిన చిప్ ఎలా పనిచేస్తుందో ఆ పద్ధతులకు అంతుచిక్కలేదు. మన మెదడులో దాదాపు 8,600 కోట్ల న్యూరాన్లు (నాడీకణాలు) ఉన్నాయి. భయం ఫలానా చోట, ప్రేమ ఫలానా చోట అని రంగురంగుల స్కాన్లు చూపించేవారు ఈ ప్రయోగాన్ని ఒక్కసారి చదవాలి.

అంతా మెదడే అనేవాళ్ల దగ్గరా గట్టి ఉదాహరణ ఉంది. ఒకప్పుడు పిచ్చాసుపత్రులను నింపిన ఒక రకం పిచ్చికి సిఫిలిస్ అనే సుఖవ్యాధి క్రిమే కారణమని, దాన్ని రోగుల మెదడులోనే చూసి 1913లో రుజువు చేశారు. నిజమే. కానీ అది మెదడుకు పట్టిన జబ్బు. మనిషి బాధలన్నీ అలాంటివి కావు.

2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తర్వాత 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తెలుగులో 99 మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి సున్నా పడింది. ఆ పిల్లల దుఃఖం మెదడులోనే జరిగింది, కాదనను. అయితే ఫెయిల్ అంటే ఏమిటో, ఇంట్లో నాన్న ముఖం ఎలా చూడాలో, పక్కింటివాళ్లు ఏమంటారో తెలియకుండా ఆ దుఃఖం ఏ న్యూరాన్‌లో దొరుకుతుంది? "పిల్లలు మానసికంగా బలహీనంగా ఉన్నారు" అని తేల్చేయడం బోర్డుకూ, కాలేజీలకూ, మనకూ ఎంత సుఖంగా ఉంటుందో! మార్కులు బయటపెట్టేముందే మరోసారి సరిచూడండి. ప్రతి జూనియర్ కాలేజీలో ఒక కౌన్సెలర్‌ను పెట్టండి. వచ్చే ఫలితాల లోపే.