పచ్చ తలుపుకి పచ్చ రంగు

మా మావయ్యది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాగితం మీద మాత్రం ఇంగ్లీషు. నోటిమాట గాలికి పోతుంది, ఇంగ్లీషులో రాసింది కోర్టుదాకా నిలబడుతుంది అని ఆయన నమ్మకం. పాలవాడికి రేపు పాలొద్దని చెప్పాలన్నా గుమ్మానికి చీటీ వేలాడాల్సిందే. పాలవాడికి చదువు రాదు. చీటీ కనబడితే పాలు పొయ్యకూడదని కనిపెట్టేశాడు గనక ఇన్నాళ్లూ బండి నడుస్తోంది.

మొన్న వేసవిలో టెక్కలిలో పెళ్లికి అందరం బయల్దేరాం. వీధి తలుపు ఎండకి వెలిసి బూడిదరంగుకి తిరిగింది. దానికి ఆకుపచ్చ వెయ్యాలి. పెరటి తలుపుకి సంక్రాంతికే వేశారు, అది నిగనిగలాడుతూ ఉంది. రంగు మిస్త్రీ ఫోనెత్తలేదు. మావయ్యకి అంతకన్నా ఏం కావాలి! తాళంచెవి, రంగు డబ్బా పక్కింట్లో ఇచ్చి చీటీ జతచేశాడు: "పెయింట్ ద గ్రీన్ డోర్." కింద సంతకం, తేదీ.

మిస్త్రీ ఒడియావాడు. తెలుగు అర్థమవుతుంది, ఇంగ్లీషు జోలికి పోడు. కొడుకు మాత్రం తొమ్మిదో క్లాసు. వాడు చీటీ చదివి, ఇల్లంతా తిరిగి, గ్రీన్ డోర్ ఎక్కడుందో వెతికి తండ్రికి చూపించాడు.

మేం తిరిగొచ్చేసరికి వీధి తలుపు ఎలాగున్నది అలాగే ఉంది. పెరటి తలుపు మాత్రం పెళ్లికూతురే. ఏదో పైపైన పూసెయ్యలేదు పాపం. ఉప్పుకాగితంతో పాత రంగు గీకి, గడియ ఊడదీసి, రెండు కోటింగులు వేసి, ఆరాక గడియకి చుక్క అంటకుండా మళ్లీ బిగించాడు. తలుపు అడుగు అంచుకి, ఎవరూ వంగి చూడని చోట కూడా, బ్రష్షు ఆడించాడు. ఇంత శ్రద్ధగా చేసినవాణ్ణి తిట్టడానికి నోరెలా వస్తుంది? మావయ్యకి వచ్చింది.

"పచ్చ తలుపుకి పచ్చ రంగేటయ్యా!"

మిస్త్రీ కొడుకుని ముందుకి తోశాడు. వాడు చీటీ మడత విప్పి, "మౌసా, గ్రీన్ ముందుంటే ఉన్న రంగు. వెయ్యాల్సిన రంగైతే వెనక రావాలి. పెయింట్ ద డోర్ గ్రీన్" అన్నాడు.

"గిడుగు పంతులుగారు పాఠాలు చెప్పిన ఊర్రా ఇది! మాట్లాడినట్టే రాయమన్నాడాయన. నేను మాట్లాడినట్టే రాశాను!"

పంతులుగారు ఆ మాటన్నది తెలుగు గురించి. పైగా 1931లో సవర భాషకి ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేసిన మనిషి, ఏ మాట ఎక్కడ కూర్చోవాలో ఆయనకి తెలియకనా? 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. మావయ్య చీటీలు చూసే అవస్థ తప్పింది.

కుర్రాడన్నదే నిజం. మన విశేషణం బుద్ధిగా నామవాచకం ముందే కూర్చుంటుంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని లేపి వెనక కూర్చోబెడితే, పని అయ్యాక వచ్చే ఫలితమవుతుంది. వైప్ ద టేబుల్ క్లీన్ అంటే తుడిస్తే బల్ల శుభ్రమవ్వాలి. వైప్ ద క్లీన్ టేబుల్ అంటే శుభ్రంగా ఉన్నదాన్నే మళ్లీ తుడవాలి. మా అత్తయ్య కోడలికి చెప్పే పనులన్నీ ఈ రెండో రకమే.

మావయ్య ఓటమి ఒప్పుకునే రకం కాదు. ముక్కు మూసుకుని, "దిస్ పెయింట్ స్మెల్స్ బ్యాడ్లీ" అన్నాడు.

"బ్యాడ్ అనాలి మౌసా. బ్యాడ్లీ అంటే పెయింటుకి ముక్కుండి, అది సరిగ్గా పనిచెయ్యట్లేదని."

లుక్, స్మెల్, టేస్ట్, ఫీల్ లాంటి క్రియలు ఒక వస్తువు ఎలా ఉందో చెప్పేటప్పుడు పక్కన విశేషణమే ఉండాలని బడిలో నేర్పిస్తారు. ఫీల్ దగ్గర అమెరికావాళ్లే తడబడి బ్యాడ్లీ అనేస్తుంటారు, అది వేరే సంగతి. ఇక మార్పు చెప్పే క్రియలకి ఎవరి వాటా వాళ్లకుంది. పాలు విరగడం, చెవుడు రావడం, మతి చెడడం, జుట్టు రాలి బట్టతల అవడం, ఇలా మనిషికి జరిగే నష్టాలన్నీ దాదాపు గో ఖాతాలోకే: గో సోర్, గో డెఫ్, గో మ్యాడ్, గో బాల్డ్. కల నిజమైతే కమ్ ట్రూ. జబ్బు చేస్తే ఫాల్ ఇల్. నుయ్యి ఎండితే రన్ డ్రై, అంటే నీళ్లు లేని నుయ్యి పరిగెడుతుందన్నమాట. కుర్రాడు ఇవన్నీ అప్పజెబుతుంటే, బాల్డ్ దగ్గర మావయ్య చెయ్యి దానంతటదే నెత్తిమీదికి పోయింది.

మర్నాడు కొత్త చీటీ. ఈసారి ఎవడూ వేలెత్తి చూపడానికి లేదు: "పెయింట్ ద ఫ్రంట్ డోర్ గ్రీన్. లీవ్ ఇట్ ఓపెన్." వ్యాకరణం కడిగిన ముత్యం. మిస్త్రీ తలుపుకి రంగేసి, రాసినట్టే బార్లా తెరిచిపెట్టి భోజనానికెళ్లాడు. మేమంతా మధ్యాహ్నం కునుకులో ఉన్నాం. ఎదురింటి మేక ఆ తలుపుకి ఒళ్లు రాసుకుంటూ లోపలికొచ్చి, పెళ్లివారిచ్చిన అరటిపళ్ల అత్తం సాంతం తినేసి, మళ్లీ రాసుకుంటూ వెళ్లింది. సాయంత్రం మేకావిడ రెండు వైపులా పచ్చచారలున్న మేకని ఈడ్చుకొచ్చి వీధిలో నిలబడింది. ఆవిడ తిట్టింది తెలుగులోనే. ఏ విశేషణం ఎక్కడ పడాలో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు.

తలుపుకి మళ్లీ ఒక చెయ్యి వేశాక మిస్త్రీ బిల్లు తెచ్చాడు. రాసింది కొడుకే. "గ్రీన్ డోర్ పెయింటెడ్ గ్రీన్, ఒకటి. గ్రే డోర్ పెయింటెడ్ గ్రీన్, ఒకటి. గోట్ పెయింటెడ్ గ్రీన్, ఫ్రీ."

మావయ్య కళ్లజోడు తుడుచుకుని అక్షరం అక్షరం వెతికాడు. తప్పు దొరకలేదు. చివరికి చిల్లర లేదన్నాడు. కుర్రాడు ఫోన్ తీసి స్కానర్ చూపించాడు.