హారర్ గేముల టార్చిలైటు గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ హారర్ గేముల టార్చిలైటు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మన ఆచారం. మీ కుశలం తెర మూలనున్న బ్యాటరీ బొమ్మలో కనబడుతూనే ఉంది: ఒక్క గీత మిగిలింది, అదీ ఎర్రగా. కాబట్టి మా కుశలం మీరు వేరే అడగనక్కర్లేదు.

అర్ధరాత్రి గదిలో లైట్లార్పి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, సొంత డబ్బుతో భయం కొనుక్కునే వాళ్లందరి తరఫునా ఈ అర్జీ. దయ్యాల మీద మాకు ఫిర్యాదేమీ లేదు. చంపుతామని ముందే చెప్పి, నిజాయతీగా చంపుతున్నాయి. మా గోడంతా మీతోనే. మా చేతిలో ఉంటూ, మా బటన్‌కే వెలుగుతూ, జీతం మాత్రం అటువైపు పుచ్చుకుంటున్నారని మా అభియోగం.

ముందు బ్యాటరీ సంగతి తేల్చుకుందాం. రాత్రిపూట మోటారు వెయ్యడానికి పొలానికెళ్లే రైతు చేతి టార్చి మీకు జ్ఞాతే కదా. దాని సెల్లు నీరసపడితే వెనక మూత మీద రెండు దెబ్బలు కొడతారు, మర్నాడు ఎండలో పెడతారు, ఇంకో నాలుగు రాత్రులు గట్టెక్కుతాయి. మీరు మాత్రం కొత్త బ్యాటరీ మింగి, ఒక కారిడారూ రెండు మలుపులూ దాటేసరికి నీళ్లు నములుతారు. 2013 నాటి ‘అవుట్‌లాస్ట్’ గేములో మీరు వీడియో కెమెరా వేషం కట్టారు. కథ జరిగే పిచ్చాసుపత్రిలో తుపాకీ లేదు, కత్తి లేదు, చీకట్లో చూపించే కెమెరాలోని నైట్ విజన్ ఒక్కటే దిక్కు. అది వేసినంతసేపూ బ్యాటరీ మంచులా కరుగుతుంది. తెలిసినవాళ్లు గుమ్మం దగ్గర ఒక్కసారి వేసి, మంచం ఎక్కడుందో, బీరువా ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, ఆపేసి నడుస్తారు. కొత్తవాళ్లు గీత తగ్గిందని కంగారుపడి బ్యాటరీ మార్చేస్తారు. పాతదాంట్లో మిగిలింది గాల్లో కలుస్తుంది. పూర్తిగా అడుగంటేదాకా ఆగాలంటే గుండె రాయి కావాలి. ఆ సంగతి మీకు తెలుసు కనకే గీతలు ఎర్రగా మెరిపిస్తారు.

2010లో వచ్చిన ‘అలన్ వేక్’లో మీ లెక్క ఇంకో రకం. మామూలుగా వెలిగితే ఖర్చు లేదు. శత్రువు మీద కాంతిని బిగించి పట్టిన క్షణం నుంచీ మీటరు తిరుగుతుంది. వాడిని కప్పిన చీకటి పొర కాలిపోయేదాకా తూటాలు పనిచెయ్యవు కాబట్టి, బిగించక తప్పదు. మధ్యలో వదిలితే బ్యాటరీ దానంతటదే కొంచెం కోలుకుంటుంది. వదిలిన ఆ కాస్సేపట్లో పక్కనుంచి ఇంకొకడు గొడ్డలితో వస్తాడు. నలుగురు చుట్టుముట్టినప్పుడు మిమ్మల్ని నమ్ముకోవడం దండగ, చేతిలో ఫ్లేర్ అనే మంట పుల్ల వెలిగించడమే మేలు. ఇంతా చేసి, అడవిలో ఎక్కడ చూసినా ఎనర్జైజర్ కంపెనీ బ్యాటరీలే! అసలు కంపెనీ పేరే వాడుకున్నారు. తమ బ్యాటరీ ఇంత త్వరగా అయిపోతుందని చూపించే ప్రకటనకు ఒప్పుకున్న ఆ పెద్దమనసుకు దండం పెట్టాలి. 2021లో మెరుగులు దిద్ది మళ్లీ వదిలిన రీమాస్టర్‌లో పేరు తీసేశారు. అయిపోవడం మాత్రం ఆగలేదు.

‘హాఫ్ లైఫ్ 2’ హారర్ గేమేమీ కాదు గానీ, రావెన్‌హోమ్ ఊళ్లోకి దిగినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు. 2004లో అక్కడ మీకూ మా కాళ్లకూ కలిపి ఒకే కరెంటు కనెక్షన్ ఇచ్చారు. పరిగెత్తితే వెలుగు తగ్గుతుంది, వెలిగిస్తే పరుగు తగ్గుతుంది. నీళ్లలో మునిగితే ఊపిరికి కూడా అదే మీటరు. 2007లో దాని కొనసాగింపు ఎపిసోడ్ టూ వచ్చాక గానీ మీకు విడి మీటరు పెట్టలేదు. మూడేళ్లపాటు, ఏం చూసి పారిపోతున్నామో తెలియకుండా పారిపోయాం.

అసలు కేసు ‘డూమ్ 3’. అదీ 2004లోనే. కథ 2145లో, అంగారక గ్రహం మీద. మనిషిని అక్కడిదాకా పంపిన కంపెనీ, నరకానికి దారి తెరిచిన కంపెనీ, తుపాకీకి టార్చి కట్టడం మాత్రం మరిచిపోయింది. మీరు చేతిలో ఉంటే తుపాకీ ఉండదు, తుపాకీ ఎత్తితే మీరుండరు. గుర్రుమన్న చప్పుడు వినబడగానే లైటు వేసి చూడాలి, కనబడగానే తుపాకీకి మారాలి. మారేసరికి మళ్లీ చీకటి, ఇక చప్పుడును బట్టి పేల్చుకోవడమే. గేము తయారుచేసినవాళ్లకు నిజంగానే ఒక ఇబ్బంది ఉంది లెండి. ఆ గేమును నడిపే ఇంజన్‌లో ప్రతి దీపానికీ ప్రతి వస్తువు నీడనూ విడిగా లెక్కకట్టాలి. నాటి గ్రాఫిక్స్ కార్డులకు ఒక్కో దీపమూ మోయలేని భారం. దీపాలు తగ్గించక తప్పలేదు, తగ్గించాక దాన్నే భయంగా అమ్మేశారు. ఆడేవాళ్లు ఊరుకున్నారా? ‘డక్ట్ టేప్’ అని ఒక మాడ్, అంటే గేముకు తమ సొంత మార్పు, తయారుచేసి, మిమ్మల్ని తీసుకెళ్లి తుపాకీకే అతికించారు. 2012లో అదే గేముకు వచ్చిన బీఎఫ్‌జీ ఎడిషన్‌లో గేము కంపెనీయే దిగొచ్చి మిమ్మల్ని కవచానికి తగిలించింది. తీరా చూస్తే, అప్పటిదాకా అలుపే ఎరగని మీకు ఆ రోజు నుంచి బ్యాటరీ అయిపోవడం మొదలైంది! దీన్ని యాదృచ్ఛికం అనుకోమంటారా?

ఇప్పుడు మీ నడవడి గురించి. మీ వెలుగు ఒక గరాటు. లోపలి కోణంలో తెల్లగా, బయటి కోణానికి వచ్చేసరికి పలచబడి, ఆ తర్వాత ఏమీ లేకుండా పోతుంది. తెర మీద మా చూపు 90 డిగ్రీలు పరిచి ఉంటే మీ గరాటు అందులో సగమైనా నింపదు. దూరమూ అంతే, కొంత మేర దాటాక మీ కాంతి గోడ కట్టినట్టు ఆగిపోతుంది. అంటే మాకేం చూపించాలో కన్నా, ఏం చూపించకూడదో మీరు ముందే నిర్ణయించుకుని వచ్చారన్నమాట.

అంతకన్నా పెద్ద కుట్ర మీరు నిలబడే చోటు. దీపం సరిగ్గా కంటి దగ్గరే ఉంటే వస్తువు నీడ ఆ వస్తువు వెనకే దాక్కుంటుంది, చూసేవాడికి కనబడదు. గది చప్పగా, ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలా ఉంటుంది. అందుకని మిమ్మల్ని కంటికి కాస్త పక్కగా, భుజం దగ్గరో నడుం దగ్గరో తగిలిస్తారు. అప్పుడు కుర్చీ నీడ గోడెక్కుతుంది. మేం ఒక అడుగు పక్కకు వేస్తే కుర్చీ కదలదు గానీ, దాని నీడ గదంతా తిరిగొస్తుంది. అక్కడ ఎవరూ లేరు. మేమే కదిలి, మా దీపం వేసిన నీడను చూసి, మేమే కుర్చీలో ఎగిరిపడతాం. దయ్యానికి పైసా ఖర్చు లేదు. దీనికి తోడు మా తల తిరిగిన కొద్దిసేపటికి గానీ మీ వెలుగు అటు తిరగకుండా కావాలనే ఆలస్యం పెడతారు. చెయ్యి తల వెనకే తిరుగుతున్నట్టు సహజంగా ఉంటుందట. నిజమే. ఆ ఆలస్యంలో తలుపు సందులో ఏదో ఉన్నట్టు అనిపించడం కూడా అంతే సహజంగా ఉంటుంది.

మినుకుమినుకుమనడం సంగతి మాకు తెలియదనుకోకండి. చాలా గేముల్లో అది బ్యాటరీ జబ్బే కాదు. గుమ్మం మధ్యలో కనిపించని పెట్టె ఒకటి పెట్టి ఉంచుతారు, ట్రిగ్గర్ అంటారు. ఆటగాడు దాన్ని తాకగానే మీరు దగ్గడం మొదలుపెట్టాలని ముందే రాసుంటుంది. వెనక్కొచ్చి మళ్లీ అదే గుమ్మం దాటితే చాలాసార్లు మీకేమీ కాదు, ఎందుకంటే అది ఒక్కసారి పేలే టపాకాయ. అసలు మజా ‘ఫాస్మోఫోబియా’లో ఉంది. దయ్యం మా వేటకు దిగి దగ్గరికొస్తే మీరు నిజంగానే కొట్టుకుంటారు. అది హెచ్చరిక, అంతవరకు ధన్యవాదాలు. కానీ ఆ సమయంలో చేతిలో వెలుగుతూ ఉన్నది మీరే అయితే దాన్నిబట్టే దయ్యం మమ్మల్ని పట్టుకుంటుంది! కాబట్టి వేట మొదలవగానే మిమ్మల్ని ఆర్పాలి, మైకులో నోరు మూసుకోవాలి, అల్మారాలోకి దూరాలి. మన తెలుగు స్ట్రీమర్లలో చాలామందికి ఈ మూడూ వస్తాయి. చాట్‌లో జనం మాత్రం “లైటెయ్ బ్రో, లైటెయ్” అని మొత్తుకుంటూనే ఉంటారు.

పట్టుబడేది ఆ ఒక్కచోటేనా? ‘లెఫ్ట్ 4 డెడ్’లో మూల కూర్చుని ఏడుస్తున్న విచ్ అనే రాక్షసి మీద మిమ్మల్ని వేస్తే ఆవిడకు మండుకొస్తుంది, ఏడుపు వినబడగానే నలుగురు ఆటగాళ్లూ లైట్లార్పి, గోడ పక్కగా జారుకోవాలి. ‘సైలెంట్ హిల్ 2’లో మిమ్మల్ని ఆర్పితే రాక్షసులు అంత తొందరగా పసిగట్టవు, కానీ చీకట్లో మ్యాప్ చదవలేం. ‘అమ్నీషియా: ది డార్క్ డిసెంట్’ తీసిన స్వీడన్ వాళ్లయితే రెండు వైపులా తాళం వేశారు. చీకట్లో ఉంటే మతి చలిస్తుంది, లాంతరు వెలిగిస్తే రాక్షసుడు చూస్తాడు. పైగా లాంతరుకు నూనె దొరకాలి. గోడ దీపాలు వెలిగించే అగ్గిపెట్టెలు మళ్లీ మళ్లీ తిరగాల్సిన గదులకే వాడాలి. ఒక్కసారి దాటే వసారాలో వాడితే అక్కడితో సరి. అది తెలిసేసరికి సగం ఆట అయిపోతుంది.

ఆ స్వీడన్ కుర్రాళ్లే 2023లో ‘అమ్నీషియా: ది బంకర్’ తీశారు. అక్కడ మాత్రం మీ మీద గౌరవం కలిగింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి ఫ్రెంచి బంకర్. మీకు బ్యాటరీ లేదు, తాడు లాగి తిప్పే డైనమో ఉంది. లాగిన ప్రతిసారీ గరగరమని మోత. గోడల వెనక తిరిగే మృగానికి ఆ మోత భోజనం గంట. బంకర్‌లో పెద్ద దీపాలు వెలగాలంటే జనరేటర్‌లో ఇంధనం పొయ్యాలి. ఎంతసేపు వస్తుందో జేబు గడియారాన్ని దానితో కలుపుకుని చూసుకోవాలి. దీపాలు ఆరిపోతే మృగం బయట తిరగడం ఎక్కువవుతుంది, సరిగ్గా అప్పుడే మీ అవసరం పడుతుంది, మీ మోతకే అది వస్తుంది. అప్పులవాడి లెక్క కూడా ఇంత పకడ్బందీగా ఉండదు. మీరు మోసం చెయ్యరు అక్కడ. ధర ముందే చెప్పి అమ్ముతారు. తెలిసినవాళ్లు జనరేటర్ ఆడుతుండగానే, సురక్షితమైన గదిలో తలుపు వేసుకుని డైనమో నింపుకుని బయటికొస్తారు. అది కూడా ఎంతోసేపు రాదనుకోండి.

మరి ఇంత తిట్టుకుంటూ ఎందుకు ఆడతారని మీరు అడగొచ్చు. వెలుగు ఎక్కువైన గేములు చూశాం. రాక్షసుణ్ణి ట్యూబ్‌లైటు కింద నిలబెడితే వాడి పళ్ల మీద సాగదీసి అతికించిన బొమ్మ కనిపిస్తుంది, మోకాలు వంగినప్పుడు చర్మం మడతపడటం కనిపిస్తుంది, రెండు నిమిషాల్లో వాడు ఇంట్లో మనిషైపోతాడు. పూర్తి చీకటి గేములూ చూశాం. గోడలకు గుద్దుకోవడంతో విసుగొస్తుంది తప్ప భయం రాదు. ఈ రెండింటికీ మధ్య ఒక చిన్న జాగా ఉంది: ఏదో ఉందని తెలుసు, ఏమిటో తెలియదు, తెలుసుకునే మీట మాత్రం మా బొటనవేలి కింద ఉంది. నొక్కాలా వద్దా అన్నది మా ఇష్టం. సినిమాలో ఆ అమ్మాయి మేడ మెట్లెక్కుతుంటే “వద్దే తల్లీ” అని అరవడం తప్ప మనం చేసేదేమీ లేదు. ఇక్కడ ఎక్కేది మేమే, దీపం పట్టేదీ మేమే, కాబట్టి తిట్టుకోవాల్సిందీ మమ్మల్నే. గుండె దడ నిజం, ప్రమాదం అబద్ధం, పాజ్ బటన్ అందుబాటులో. ఆ దడ తగ్గేటప్పుడు వచ్చే తేలిక కోసమే ఈ ఖర్చంతా. దానికి మీ అరకొర వెలుగు కావాలి. ఈ మాట మీతో ఒప్పుకోవాల్సి రావడమే మాకు చిన్నతనం.

కాబట్టి మా విన్నపాలు స్వల్పం. ఆరిపోబోయే ముందు నిజాయతీగా చెప్పండి. నిండా ఛార్జ్ ఉన్నప్పుడు కథ కోసం చచ్చినట్టు నటించకండి. బాస్ రాక్షసుడి గది ముందు నాలుగు బ్యాటరీలు వరసగా పేర్చి మర్యాదలు చెయ్యకండి; అవి చూస్తేనే లోపల ఏముందో తెలిసిపోతోంది. ఇంకో ముఖ్యమైన మాట. మా ఇళ్లలో నిజంగానే కరెంటు పోతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ మీద గ్రాఫిక్స్ కార్డున్న పీసీ కొద్ది నిమిషాలే నిలబడుతుంది, అదీ లోడ్ భరిస్తే. ఆ వ్యవధిలో సేవ్ పాయింట్ దాకా పరిగెత్తాలి, కనక కనీసం ఆ వేళకైనా మినుకుమనకుండా ఉండగలరు.

ఇట్లు,
భవదీయులు, హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చుకుని వెనక తలుపు ఒకసారి చూసుకున్నవారు

తా.క.: గేము మొదట్లో “ఎడమవైపు బొమ్మ కనీకనబడనట్టు ఉండాలి” అని అడిగే, తెర వెలుగు పెంచే గామా స్లైడర్ గురించి మీకు ఎవరో చాడీలు చెప్పినట్టు తెలిసింది. అవును, కొందరు దాన్ని చివరిదాకా జరిపి, మీతో పనిలేకుండా ఆడుతున్నారు. వాళ్లను శిక్షించనక్కర్లేదు. నలుపంతా బూడిద రంగైపోయి, తెర మీది చుక్కల గ్రెయిన్ చీమలబారులా పాకి, గోడల అతుకులు బయటపడి, రాక్షసుడు దూరం నుంచే నడుచుకుంటూ రావడం వాళ్లకు కనిపిస్తోంది. ఐపీఎస్ రకం తెర ఉన్న మానిటర్ వాళ్లకు మూలల్లో ఎలాగూ ఒక తెల్లటి మసక ఉంటుంది, వాళ్లను అనుమానించకండి. మధ్యాహ్నం కిటికీ తెరిచి ఆడేవాళ్ల పేర్లు మాత్రం విడిగా పంపుతున్నాం.